కుర్చీ సర్పంచిది, దస్త్రం పట్వారిది

(‘ఊరు కూడిన చోటు’ ధారావాహిక: ఏడో భాగం)

పోయిన భాగం గష్తీ నిషాన్ తిర్పన్ దగ్గర ఆగింది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాలన్న నిజాం ప్రభుత్వపు 53వ నంబరు సర్క్యులర్ అది. దాని నీడలోనే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ, మరుసటి ఏడు దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండోది జరిగాయి. ఇద్దరూ పాలమూరు జిల్లా గాలి పీల్చి పెరిగినవాళ్ళే. లోకల్ ఫండ్ కథ కూడా చెప్పుకున్నాం. రైతు కట్టే శిస్తులో రూపాయికి అణా చొప్పున అదనంగా వసూలు చేసేవాళ్ళు. ఆ డబ్బుతో బాటలూ బావులూ బడులూ చూడమని జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు పెట్టారు. జిల్లా బోర్డుకు అవ్వల్ తాలూక్‌దారు (అప్పటి జిల్లా కలెక్టరు), తాలూకా బోర్డుకు తహసీల్దారు అధ్యక్షులు. అణా కట్టినవాడికి ఆ బోర్డులో చోటు లేదు.

గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అదే కాలంలో కథ వేరుగా నడిచింది. 1882లో రిప్పన్ దొర తీర్మానం తరువాత మద్రాసు రాజధానిలో స్థానిక బోర్డులు కొంచెం కొంచెంగా ఎన్నికల రుచి చూశాయి. 1920 నాటికి అక్కడ లోకల్ బోర్డుల చట్టం, గ్రామ పంచాయతీల చట్టం రెండూ ఉన్నాయి. మనవైపు గ్రామ పంచాయతీల చట్టమన్న మాట పుట్టిందే 1940లో. ఈ ఇరవయ్యేళ్ళ ఎడం తరువాతి కథలో చాలాసార్లు ఎదురవుతుంది.

ఇక ఈ భాగంలోకి వద్దాం. 1948 నుంచి 1964 దాకా, నారాయణపేట చుట్టుపక్కల పల్లెల్లోంచి చూసిన పదహారేళ్ళ కథ.

నారాయణపేట ఇవాళ జిల్లా కేంద్రం. 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. నిజాం కాలంలో అది మక్తల్ తాలూకాలో ఒక పట్టణం, అంతే. 1901 జనాభా లెక్కల్లో మాత్రం జిల్లా కేంద్రమైన మహబూబ్‌నగర్ కంటే నారాయణపేటే పెద్ద ఊరు. మగ్గాలు, చీరలు, వాటి వ్యాపారం ఊరిని నిలబెట్టాయి. అటు రాయచూరు, ఇటు యాద్గిరి దగ్గర కావడంతో సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడేవి. కానీ పేట దాటి నాలుగు కోసులు పోతే పల్లెలన్నీ ఒకే తీరు. నల్లరేగడి, ఎర్రచెలకలు, జొన్న, ఆముదం, వానను నమ్ముకున్న సేద్యం, వాన రాని ఏడు కూలికి వలస.

ఆ పల్లెల్లో ఊరు కూడేది కచీరు దగ్గర. కొన్నిచోట్ల అది ప్రత్యేకంగా కట్టిన చావడి, కొన్నిచోట్ల పటేలు ఇంటి ముందరి అరుగు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్ళు అక్కర్లేదు, అందరికీ తెలుసు. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారి ముగ్గురూ పైన. నాలుగెకరాలున్న కాపులు కట్ట మీదనో కంబళి మీదనో. చేతివృత్తులవాళ్ళు కింద. మాల మాదిగలు దూరంగా నిలబడాలి, పిలిస్తేనే రావాలి. ఆడవాళ్ళు కచీరు ముఖం చూసేది తక్రారు తమమీద పడినప్పుడే.

మాట్లాడుకోవడానికి సంగతులు మాత్రం బోలెడు. చెరువు తూము ఎప్పుడు తియ్యాలి, నీరడి ఎవరి పొలానికి ముందు నీళ్ళు మలపాలి, గైరాన్‌లో ఎవరి పశువులు మేశాయి, జాతరకు ఇంటికెంత చందా, పక్క ఊరివాడి ఎద్దు చేను మేస్తే జుర్మానా ఎంత. వీటన్నిటికంటే పెద్ద సంగతి గిర్దావరో తహసీల్దారో దౌరాకు వస్తున్నాడన్న కబురు. అప్పుడు కచీరు నిమిషాల్లో నిండేది. మంచాలు ఎవరింటినుంచి, పాలు ఎవరు పొయ్యాలి, కోళ్ళు ఎవరి గంపలోవి, కట్టెలు ఎవరు కొట్టాలి, సామాను మోసేదెవరు, అన్నీ అక్కడే తేలిపోయేవి. అది చర్చ కాదు, పంపకం. వెట్టి చేసేవాడి పేరు పిలిచేవాళ్ళు, వాడు చిత్తం అనేవాడు. ఊరు కూడటం మనకు కొత్త కాదని గర్వంగా చెప్పుకునేవాళ్ళు ఈ సంగతి కూడా గుర్తుంచుకుంటే బాగుంటుంది. ఊరు ఎప్పుడూ కూడేది. ఎవరి నోరు పెగిలేదన్నదే ప్రశ్న.

ముగ్గురు పెద్దల్లో బలమెవరిది? పైకి చూస్తే పటేళ్ళది. తలారి, సుంకరి, మస్కూరి వాళ్ళ వెంట నడిచేవాళ్ళు. కానీ రైతు లోలోపల భయపడింది పట్వారికి. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, ఎవరి బకాయి ఎంత, ఏది శిఖం, ఏది బంజరు, అన్నీ ఆయన దస్త్రంలోనే. ఆ గుడ్డమూట ఆయన ఇంట్లో అటక మీద ఉండేది. ఉద్యోగం వతన్, అంటే తండ్రినుంచి కొడుక్కి వచ్చేది. కనుక మూటా అలాగే వచ్చేది.

మనకు పక్కనే ఉన్న నల్లగొండలో 1940ల్లో కచీరుకు పోటీగా ఇంకో కూడలి లేచింది. ఆంధ్ర మహాసభ ఊరూరా సంఘమై దిగింది. 1944 భువనగిరి సభ తరువాత దాని నడక మారిపోయింది. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య కాల్పుల్లో పోయాక అది మరీ వేడెక్కింది. సంఘం సభకు కచీరు అక్కర్లేదు. చెట్టు కిందైనా చాలు, చీకట్లోనైనా చాలు. అక్కడ వెట్టి చేసేవాడే లేచి దొర ఏం చేశాడో చెప్పాడు. ఆడవాళ్ళు వచ్చారు. గ్రామ కమిటీలు పుట్టాయి, వెట్టి ఆపమని తీర్మానించాయి, భూములు పంచాయి. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం దాదాపు 3,000 గ్రామాల్లో ఈ గ్రామ రాజ్యాలు నడిచాయి, 10 లక్షల ఎకరాలు పంచారు. లెక్క ఉద్యమం నడిపినవాళ్ళది కాబట్టి ఎవరైనా కొంత తగ్గించి చూసుకోవచ్చు. కానీ ఒక తరం పేదవాళ్ళు నలుగురిలో నిలబడి మాట్లాడటం అక్కడే నేర్చుకున్నారన్నదాన్ని తగ్గించలేం.

1951 ఏప్రిల్ 18న అదే నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి వినోబా భావే వచ్చినప్పుడు హరిజనవాడవాళ్ళు 80 ఎకరాలు కావాలని ఆయన ముందు బాహాటంగా అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి ఆ గుంపులోనే లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడ మొదలైందని అందరూ ఇచ్చినాయన గురించే చెబుతారు. అడిగిన నోటి వెనకాల సంఘం నేర్పిన ధైర్యం ఎంత ఉందో కూడా చూడాలని నాకనిపిస్తుంది.

పాలమూరు పడమటి తాలూకాల్లో ఆ పాఠశాల అంతగా తెరుచుకోలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల నీడ ఒకవైపు, కరువు వలసలు మరొకవైపు. సాయుధ పోరాటపు గుండెకాయ నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం వైపే ఉండిపోయింది. అందుకే మా జిల్లాకు పంచాయతీ కిందినుంచి మొలవలేదు, పైనుంచి దిగింది. తరువాత జరిగిన చాలా సంగతులకు ఇదే మూలమని నా లెక్క.

దిగడం కూడా వేగంగానే దిగింది. 1948 సెప్టెంబరు 17న నిజాం రాజ్యం ముగిసింది. మరుసటి ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌల్దారీ చట్టం, 1951లో కొత్త గ్రామ పంచాయతీల చట్టం, 1952లో వయోజన ఓటుతో మొదటి ఎన్నికలు. షాద్‌నగర్‌లో గెలిచిన బూర్గుల హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. వనపర్తిలో గెలిచిన సురవరం ఏడాదిన్నరకే, 1953 ఆగస్టులో కన్నుమూశారు. ఊరూరా మనిషి మనిషికీ ఓటు వచ్చిన కాలాన్ని ఇంకొన్నేళ్ళు చూసి ఉంటే ఆయన కలం ఏం రాసేదో! 1956లో మరో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది, అదే ఏడు నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

ఈలోగా ఇంకో కొత్త పేరు పల్లెల్లోకి వచ్చింది: బ్లాకు. 1952 అక్టోబరు 2న దేశమంతటా సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకుకొక బీడీవో, ఆయనకొక జీపు, కింద గ్రామసేవకులు. మేలురకం విత్తనాలు, కంపోస్టు గుంతలు, మంచినీటి బావులు, వయోజనుల రాత్రిబడి. ఊళ్ళోకి జీపు వస్తే పిల్లలు వెంట పరిగెత్తేవాళ్ళు, పెద్దలు మాత్రం పాత దౌరాను చూసినట్టే చూశారు. మళ్ళీ ఎవరో వచ్చారు, ఏదో చేయించి పోతారు. అయిదేళ్ళు గడిచాక బల్వంతరాయ్ మెహతా కమిటీ ఇదే సంగతిని సర్కారు భాషలో చెప్పింది. పథకాలున్నాయి, ప్రజలు లేరు. ఎన్నికైన సంస్థల చేతికి అధికారమూ డబ్బూ ఇవ్వకపోతే ఈ జీపులు ఇలాగే తిరుగుతుంటాయి. 1957 నవంబరులో వచ్చిన ఆ నివేదిక గ్రామం, బ్లాకు, జిల్లా అని మూడంతస్తుల ఏర్పాటు చెప్పింది.

నీలం సంజీవరెడ్డి ప్రభుత్వం చట్టం కోసం ఆగలేదు. 1958 జులైలోనే జిల్లాకొకటి చొప్పున తాత్కాలిక పంచాయతీ సమితులు పెట్టి చూసింది. తరువాత 1959లో పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. తొమ్మిది రోజులకు, అక్టోబరు 11న, మా జిల్లాకు వచ్చారు.

ఆదివారం, దసరా వేళ. చోటు షాద్‌నగర్. హైదరాబాదుకు దగ్గర, రైలుబాట మీది ఊరు. ప్రధానమంత్రి సభకు అనువుగానే ఉంటుంది. కానీ చరిత్ర తెలిసినవాడికి ఆ ఊరి పేరు వినగానే ఇంకో సభ గుర్తుకు రావాలి. 1936లో అయిదో ఆంధ్ర మహాసభ షాద్‌నగర్‌లోనే జరిగింది. అధ్యక్షుడు కొండా వెంకట రంగారెడ్డి, తరువాత ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయినాయన. అనుమతుల నీడలో జరిగిన ఆ సభకూ, సర్కారే జనాన్ని రమ్మని పిలిచిన ఈ సభకూ మధ్య ఇరవై మూడేళ్ళే. ఒక మనిషి రెండు సభల్లోనూ కూర్చుని ఉండొచ్చు. ఆ నియోజకవర్గం నుంచి 1952లో గెలిచిన బూర్గుల అప్పటికి కేరళ గవర్నరు. రెండున్నర నెలల కిందటే అక్కడ ఎన్నికైన ప్రభుత్వాన్ని ఢిల్లీ రద్దు చేసింది. ఊళ్ళకు అధికారం పంచుతున్న ఏటనే ఒక రాష్ట్రం అధికారం పోవడం అప్పటి రాజకీయాల్లో ఉన్న రెండు నాలుకల తీరు.

మూడంతస్తులు ఎలా నడిచాయో చెప్పుకుందాం. కింద గ్రామ పంచాయతీ, దానికి సర్పంచి. బ్లాకులోని సర్పంచులందరూ కలిస్తే పంచాయతీ సమితి. అందులో ఎమ్మెల్యేలూ ఉంటారు. ఇద్దరు ఆడవాళ్ళను, దళితులు గిరిజనుల తరఫువాళ్ళను కోఆప్షన్ చేసుకోవాలి. సమితి అధ్యక్షులంతా కలిస్తే జిల్లా పరిషత్తు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిత్రమైన మెలిక పెట్టారు. జిల్లా కలెక్టరు పరిషత్తులో సభ్యుడు, పైగా దాని స్థాయీ సంఘాలన్నిటికీ ఆయనే అధ్యక్షుడు. చైర్మన్ ఎన్నికైనవాడే, కానీ పని తేలే గదిలో పెద్దకుర్చీ మళ్ళీ పాత అవ్వల్ తాలూక్‌దారు వారసుడిదే.

అయినా సమితి ఉత్తుత్తి బొమ్మ కాదు. ఆ రోజుల్లో పల్లెవాళ్ళకు ‘సమితి ప్రెసిడెంటు’ అన్న మాట మంత్రి కంటే దగ్గరి బరువు. కారణం సులువు. ప్రాథమిక పాఠశాలలు సమితి చేతికి వచ్చాయి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుకు పోయాయి. ఇప్పటికీ మన పిల్లలు చదివే బడి గోడ మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అన్న పేరు ఆ 1959 చలవే. బడి చేతిలో ఉంటే పంతులు బదిలీ చేతిలో ఉంటుంది. పంతులుకు ఓట్లు తెచ్చే నోరుంటుంది. సమితి సమావేశంలో బావుల మీదా బాటల మీదా నడిచిన చర్చ కంటే, ఏ పంతుల్ని ఏ ఊరికి వెయ్యాలన్న మంతనాలే ఎక్కువని ఆ కాలం పంతుళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఎదిరించినవాడికి అడవి అంచున, దూరాన, బస్సు పోని ఊరు రాసిపెట్టి ఉండేది.

ఎన్నికల తీరు కూడా కొత్త విద్యలు నేర్పింది. సమితి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది జనం కాదు, కొన్ని పదుల మంది సర్పంచులూ సభ్యులూ. అంత చిన్న ఓటర్ల జాబితాను ఒక లారీలో ఎక్కించవచ్చు, ఎక్కించారు కూడా. ఎన్నికకు ముందు సర్పంచులు ఊళ్ళో కనబడరు. తీర్థయాత్రకు పోయారంటారు. తిరిగొచ్చేది ఓటు రోజు పొద్దుగాలే. ఇవాళ క్యాంపు రాజకీయమని పత్రికలు రాసేదానికి పుట్టిల్లు అక్కడే. సమితి గెలిచినవాడు తరువాత ఎమ్మెల్యే సీటు వైపు చూస్తాడు కనుక, ఉన్న ఎమ్మెల్యేకూ సమితి ప్రెసిడెంటుకూ పొసగదు. సమావేశంలో పక్కపక్క కుర్చీలు, బయట రెండు ముఠాలు. ఒకరు బావి మంజూరు చేయిస్తే ఇంకొకరు చోటు తప్పంటారు.

కోఆప్షన్ ఆడసభ్యుల సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఎక్కువచోట్ల ఆమె ఎవరో నాయకుడి ఇంటిమనిషి. రిజిస్టరులో సంతకం ఆమెది, మాట ఇంకొకరిది. దళిత సభ్యుడి స్థితి అంతకంటే ఒక మెట్టు నయం, ఎందుకంటే ఆయన స్వయంగా వచ్చేవాడు. కచీరు బయట నిలబడ్డ వాడకట్టునుంచి ఒకరు వచ్చి సమితి హాల్లో కుర్చీలో కూర్చోవడం చిన్న సంగతి కాదు. ఆ కుర్చీ కోసం ఊరికి తిరిగి వెళ్ళాక ఎంత సుంకం కట్టాల్సివచ్చిందో మరో కథ.

మరి ఊళ్ళో? సర్పంచి వచ్చాడు, పంచాయతీ ఆఫీసు వచ్చింది. చాలా ఊళ్ళలో అది పాత చావడే, సున్నం కొట్టి బోర్డు పెట్టారు. రేడియో వచ్చింది. సాయంత్రం మైకు పెడితే ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం నుంచి వార్తలు, వ్యవసాయపు మాటలు ఊరంతా వినేది. పెద్ద పెద్ద సమావేశాలకంటే ఆ రేడియో దగ్గరే జనం కులాల వరస కొంచెం మరిచి నిలబడ్డారని నేను అంటే నవ్వకండి. పంచాయతీ సమావేశం ఉందని తలారి డప్పు కొట్టి చాటేవాడు. వచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళు, రానివాళ్ళు రానివాళ్ళే. వేసవిలో అయితే ఊళ్ళో మనిషే ఉండడు. నందికొండ దగ్గర నాగార్జునసాగర్ కట్ట లేస్తోంది, గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి ఇంటిల్లిపాదినీ తీసుకుపోయేవాడు. దేశమంతా పాలమూరు లేబరు ఆనకట్టలు కట్టింది. తమ ఊరి కుంట మరమ్మతు మీద తీర్మానం జరిగిన రోజు వాళ్ళెవరూ ఊళ్ళో లేరు.

ఇక సర్పంచి ఎవరు? తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల పటేలు తమ్ముడో, దేశ్‌ముఖు అల్లుడో, పట్వారి మాట దాటని పెద్దకాపో.  అక్కడక్కడా కొత్తవాడు, చదువుకున్న కుర్రవాడో వ్యాపారం చేసి నాలుగు రూపాయలు వెనకేసినవాడో గెలిస్తే, అసలు పంచాతి అప్పుడు మొదలయ్యేది.

ఒక మామూలు ఊళ్ళో ఎలా ఉండేదో చూడండి. ఊరి నడుమ బడికి చోటు కావాలి. పంచాయతీ తీర్మానించింది, ఫలానా సర్వే నంబరులో బంజరు ఉంది కదా అని. సర్పంచి సంతకం పెట్టాడు, సమితి డబ్బిచ్చింది. పట్వారి నవ్వి, ఏ భూమి ఎవరి సేద్యంలో ఉందో రాసే పహాణీ తీశాడు. ‘‘ఆ నంబరు బంజరు కాదు బాబూ, పదేండ్లనుంచి ఫలానా రైతు కాస్తులో ఉంది.’’ ఆ రైతు పట్వారికి మేనబావ. ఇప్పుడెవరి మాట చెల్లుతుంది? తహసీల్దారు పంచాయతీ తీర్మానాన్ని చూడడు, పహాణీ చూస్తాడు. 1954-55లో రాసిన ఖాస్రా పహాణీని ఇవాళ్టికీ కోర్టుల్లో తీసి చూపిస్తారంటే ఆ రాతకు ఎంత బలముందో అర్థమవుతుంది. ఎవరు రక్షిత కౌల్దారు, ఎవరు ఉత్త కూలి, ఎవరి పేరు ఏ గడిలో పడింది, అన్నీ ఆ చేతిరాతే తేల్చింది.

సర్పంచికి ఇంటిపన్ను వసూలు, వీధిదీపం, మోరీలు, మంచినీటి బావి. పట్వారికి భూమి. పాలమూరు పల్లెలో భూమి కానిది ఏముంది? కొత్త చట్టాలన్నీ ఊరికి నోరిచ్చాయి. ఆ నోరు మాట్లాడిన దాన్ని నిజమో అబద్ధమో తేల్చే కాగితం మాత్రం వతన్‌దారు అటక మీదనే ఉంచాయి. పంచాయతీరాజ్ ఎందుకు చతికిలబడిందని అడిగితే డబ్బు చాలలేదని, రాజకీయం చొరబడిందని కమిటీలు రాశాయి. అవీ నిజమే. మా వైపు మటుకు మొదటి కారణం ఆ గుడ్డమూట.

1964లో ఆంధ్ర ప్రాంతపు చట్టాన్నీ తెలంగాణ చట్టాన్నీ కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. రెండు వైపులా ఒకే నియమం, ఒకే ఎన్నిక. గ్రామసభ పేరు కూడా అందులో ఉంది. ఓటున్న ప్రతి మనిషీ సభ్యుడే, ఏడాదికి రెండుసార్లు కూడాలి. కాగితం మీద కచీరు గోడ కూలింది. ఆ ఏడాదే ఎన్నికలు జరిగాయి, 1970లో మళ్ళీ జరిగాయి. ఆ తరువాత పంచాయతీ ఎన్నికలకు జనం 1981 దాకా ఎదురుచూశారు.

వచ్చే భాగం ఆ పదకొండేళ్ళతో మొదలై 1984 జనవరికి వస్తుంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో పటేలు, పట్వారి, మునసబు, కరణాలను ఇంటికి పంపింది. తరతరాల దస్త్రాలు మూటలకొద్దీ తాలూకా ఆఫీసులకు ఎలా చేరాయి, అన్నీ చేరాయా, సమితులు పోయి మండలాలు వచ్చినప్పుడు నారాయణపేట చుట్టుపక్కల ఎవరి కుర్చీ ఎటు జరిగింది, వచ్చే సంచికలో.